మందు మీద మందు: పాఠకుల ప్రశ్నలు, డాక్టర్ల జవాబులు

ప్రశ్న: హెరాయిన్ మానడానికి మా తమ్ముడు ఎనిమిది నెలలుగా బుప్రెనార్ఫిన్ మాత్ర నాలుక కింద పెట్టుకుంటున్నాడు. ఈమధ్య సాయంత్రాలు తాగుతున్నాడు. మాత్ర ఆపేస్తేనే దారికొస్తాడని ఇంట్లో అంటున్నారు. ఆపమంటారా?

జవాబు: ఆపకండి. (‘మందు’ అంటే మన వాడుకలో రెండూ కాబట్టి ఇక్కడ తాగేదాన్ని మద్యం అనే రాస్తున్నాం.) మాత్ర ఆగితే మద్యం ఆగదు, హెరాయిన్ తిరిగొస్తుంది. ఈలోగా ఒంటికి దాన్ని తట్టుకునే అలవాటు తగ్గిపోతుంది. అప్పుడు పాత మోతాదే ప్రాణం తీస్తుంది.

అలాగని తాగడం చిన్న విషయమేమీ కాదు. మాత్ర, మద్యం రెండూ ఊపిరిని నెమ్మదింపజేసేవే. బుప్రెనార్ఫిన్ ఒక స్థాయి దాటి ఊపిరిని అణచదు, కానీ మద్యం తోడైతే ఆ రక్షణ నమ్మదగ్గది కాదు. హెరాయిన్ మాన్పించడానికే ఇచ్చే మరో మందు మెథడోన్‌తో ముప్పు ఇంకా ఎక్కువ. వేసుకున్న 2 నుంచి 4 గంటలకు దాని ప్రభావం తారస్థాయికి చేరుతుంది, మందు ఒంట్లో ఒక రోజుకు పైగానే ఉంటుంది. ‘పొద్దున డోసు, రాత్రికి పెగ్గు, మధ్యలో బోలెడు గడువుంది’ అనుకోవడం ఉత్త భ్రమ. తాగి వచ్చినవాళ్లకు క్లినిక్‌లో మెథడోన్ వెంటనే ఇవ్వకుండా, మత్తు దిగాక ఇచ్చేది ఇందుకే. అది శిక్ష కాదు.

రాత్రి గురక గరగరమంటూ మధ్యలో ఆగుతున్నా, పెదవులు నీలంగా మారినా, తట్టి పిలిచినా లేవకపోయినా అంబులెన్స్‌ను పిలవండి. ఓపియాయిడ్ల (హెరాయిన్, మెథడోన్, బుప్రెనార్ఫిన్ లాంటివి) ప్రభావాన్ని తిప్పికొట్టే నాలోక్సోన్ ఉంటే వాడండి. అది మద్యం మత్తును విడగొట్టదు, అయినా ఓపియాయిడ్ వాటాను తగ్గించి ఊపిరి అందనిస్తుంది. ఊపిరి ఆడుతుంటే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. వాంతి గొంతులోకి పోకుండా ఉంటుంది.

‘తాగుతున్నావా’ అని అడిగితే ‘లేదు’ అనే జవాబే వస్తుంది. ‘నిన్న ఎంత తాగావు’ అని అడిగి చూడండి. మద్యం అలవాటును అంచనా వేయడానికి డాక్టర్లు వాడే ఆడిట్ ప్రశ్నావళిలో ఉన్న పది ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఇలా ఎంత, ఎన్నిసార్లు అని అడిగేవే. 8 మార్కులు గానీ అంతకు మించి గానీ వస్తే పట్టించుకోవాల్సిందే.

ప్రశ్న: మద్యం మాన్పించే నాల్ట్రెక్సోన్ మాత్రలు ఇంట్లో ఉన్నాయి. అవి ఇవ్వచ్చా?

జవాబు: వద్దు. మెథడోన్, బుప్రెనార్ఫిన్ పనిచేసే చోటునే నాల్ట్రెక్సోన్ ఆక్రమిస్తుంది. దాంతో వాంతులు, విరేచనాలు, ఒళ్లు నొప్పులు ఒక్కసారిగా ముంచుకొస్తాయి. మద్యం మాన్పించే మరో మందు అకాంప్రోసేట్‌తో ఆ గొడవ లేదు. మామూలుగా 333 మిల్లీగ్రాముల మాత్రలు రెండేసి, రోజుకు మూడుసార్లు. ముందుగా కిడ్నీ పరీక్ష తప్పనిసరి. తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ అయితే చివరిసారి తాగాక కనీసం 12 గంటలు ఆగాలి, లివర్ బాగుండాలి. కొన్ని మెథడోన్ ద్రావణాల్లో ఆల్కహాల్ ఉంటుంది, కాబట్టి సీసా మీద లేబుల్ చూడండి.

ప్రశ్న: రోజూ బాగా తాగే మనిషి. రేపటి నుంచి ఒక్కసారిగా మానేయమనవచ్చా?

జవాబు: ఇంట్లో వద్దు. తాగడం ఆపిన 6 నుంచి 48 గంటల్లో మూర్ఛ రావచ్చు. రెండు మూడు రోజులకు మతి తప్పి, లేనివి కనిపించే దశ రావచ్చు. మెథడోన్ వాడేవాళ్ల విషయంలో ఇక్కడే తరచూ పొరపాటు జరుగుతుంది. చెమట, వణుకు చూసి ఓపియాయిడ్ చాల్లేదనుకుని మెథడోన్ పెంచుతారు. ఎంత పెంచినా అది మద్యం మూర్ఛను ఆపదు. ఆవలింతలు, ముక్కు కారడం, రోమాలు నిక్కబొడుచుకోవడం ఓపియాయిడ్ లోటును చెబుతాయి. చేతులు చాపమన్నప్పుడు వేళ్లు గడగడ వణికితే మద్యాన్ని అనుమానించాలి. ఆస్పత్రిలో గ్లూకోజ్ ఎక్కించేముందు థయమిన్ (విటమిన్ బి1) ఇచ్చారో లేదో అడగండి.