కొత్త మేకలు కలిపాక పాలు తగ్గాయి – ఇంజక్షన్ వేయించవచ్చా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర. కొబ్బరితోటలో ఐదు పాడి మేకలున్నాయి. పది రోజుల కిందట సంతలో మూడు బీటల్ జాతి మేకలు కొని వాటిలో కలిపాం. ఒక్కోటి రోజుకు లీటరున్నర ఇచ్చే మా పాత మేకలు ఇప్పుడు 800 మిల్లీలీటర్లు దాటడం లేదు. పితకబోతే తంతున్నాయి. జ్వరం లేదు. ఆక్సిటోసిన్ ఇంజక్షన్ వేస్తే చేపుతాయంటున్నారు (పాలు కిందికి దింపుతాయని). వేయించమంటారా?

జవాబు: వద్దండి. మీరు చెప్పిన కొలతలను బట్టి చూస్తే మేకలు పాలు చేపకపోవడం ఒక్కటే కాదు, పాలు తయారవడమే తగ్గింది.

పొదుగు కడిగినప్పుడు, పిల్ల కుమ్మినప్పుడు మెదడు నుంచి ఆక్సిటోసిన్ విడుదలై నిమిషంలోపు పొదుగుకు చేరుతుంది. పాలు తయారయ్యే సన్న గదులను పిండి పాలను కిందికి దింపేది అదే. మేక బెదిరితే అడ్రినలిన్ అనే హార్మోన్ ఊరుతుంది. పొదుగుకు వెళ్లే రక్తనాళాలు ముడుచుకుని, ఆక్సిటోసిన్ పని ఆగిపోతుంది. గేదె పాలు దాదాపు అన్నీ పైగదుల్లోనే ఉంటాయి కాబట్టి అది చేపకపోతే గిన్నె ఖాళీయే. మేకకు మాత్రం నాలుగింట మూడొంతుల పాలు పొదుగు కింది తిత్తిలోకి ముందే దిగి ఉంటాయి. బెదిరినా ఆ పాలు వస్తాయి. అంటే లీటరున్నర మేక పూర్తిగా బిగబట్టినా లీటరు పైనే రావాలి. మీకు 800 వస్తున్నాయంటే మిగతా లోటుకు కారణం వేరే ఉంది.

ఆ కారణం చాలావరకు కార్టిసాల్, అంటే ఒత్తిడిలో ఊరే హార్మోన్. ఒక్కసారి బెదిరితే పెరిగిన కార్టిసాల్ రెండు మూడు గంటల్లో దిగిపోతుంది. కానీ కొత్తవీ పాతవీ రోజూ కుమ్ముకుంటూ ఉంటే, ఓడిన మేక తొట్టి దగ్గరకు రాలేకపోతే, అది మళ్లీ మళ్లీ పెరుగుతుంది. మేత తగ్గుతుంది, రోగనిరోధక శక్తి పడిపోతుంది. పొదుగులో కేసిన్ అనే పాల మాంసకృత్తు ముక్కలై, ఆ ముక్కల్లో ఒకటి పాలు ఊరడాన్ని నేరుగా అణచివేస్తుంది. నీళ్లు చాలకపోయినా ఇదే జరుగుతుంది. వేసవిలో కాలువలు కట్టేశాక బోరు నీళ్లు ఉప్పగా మారితే మేకలు తక్కువ తాగుతాయి. ఇది మీ దగ్గర ఉందేమో ముందు చూడండి. పాలిచ్చే మేకకు ఎండాకాలంలో రోజుకు 6–8 లీటర్ల మంచినీళ్లు కావాలి.

ఈ సాయంత్రం ఒక పరీక్ష చేయండి. పితకడం అయ్యాక మేకను కదిలించకుండా వదిలి, 20 నిమిషాల తర్వాత పొదుగు వేడినీటి గుడ్డతో తుడిచి మళ్లీ పితకండి. 100–200 మిల్లీలీటర్లు వస్తే బిగబడుతోందని అర్థం. ఏమీ రాకపోతే తయారీయే తగ్గింది.

ఇప్పుడు చేయాల్సింది: కొత్త మూడింటినీ పక్కనే, కంచె సందుల్లోంచి ఒకదాన్నొకటి చూసుకునేలా రెండు వారాలు వేరుగా ఉంచండి. మేకను ఒంటరిగా కట్టేయవద్దు, ఒంటరితనమే దానికి పెద్ద ఒత్తిడి. తర్వాత మూడింటినీ కలిపి ఒకేసారి, చల్లబడ్డాక ఆరుబయట కలపండి. మేకకు ఒకటిన్నర చదరపు మీటర్ల చోటు, తొట్టి దగ్గర 40 సెంటీమీటర్లు ఉండాలి. దూరంగా రెండో తొట్టి పెడితే ఓడిన మేకకు కూడా మేత దక్కుతుంది. మార్పు లేకుండా పాత మేతే ఇవ్వండి. పిల్లిపెసర, అవిశ ఆకు దొరికితే కొద్దికొద్దిగా పెంచండి.

పితికేది ఒకే మనిషి, ఒకే వేళకు, ఒకే వరుసలో. కుక్కను దూరంగా కట్టండి, కాళ్లు కట్టి పితకవద్దు. ముందు గుప్పెడు దాణా వేసి, గోరువెచ్చని నీళ్లతో కడిగి, తుడిచి, మొదటి రెండు మూడు ధారలు నల్లని గిన్నెలో పిండి చూడండి. నిమిషంలోపు పితకడం మొదలుపెట్టి 5–6 నిమిషాల్లో ముగించండి, ఆక్సిటోసిన్ ప్రభావం అంతసేపే ఉంటుంది.

కొబ్బరితోటలో నీడ ఉన్నా గాలి ఆడకపోతే, సముద్రపు తేమలో మేక ఎంత రొప్పినా ఒంటి వేడి దిగదు. మధ్యాహ్నం ఊపిరికి డొక్క ఎన్నిసార్లు కదులుతోందో లెక్కపెట్టండి. నిమిషానికి 15–30 మామూలు, 60 దాటితే వేడికి తట్టుకోలేకపోతోందని అర్థం. గాలి ఆడకుండా ఒంటిమీద నీళ్లు చల్లితే లాభం లేదు, ఫ్యాన్ పెట్టండి.

ఆక్సిటోసిన్ వేస్తే ఉన్న పాలు దిగుతాయి, కొత్త పాలు రావు. తరచూ వేస్తే ఇంజక్షన్ లేకుండా చేపడం మానేస్తాయి. పాల కోసం పశువు ఆరోగ్యానికి హాని చేసే ఇంజక్షన్ వేయడం 1960 జంతుహింస నివారణ చట్టం 12వ సెక్షన్ కింద నేరం.

ఈనిన మూడు నెలల్లోపు మేకలైతే వారం పది రోజుల్లో చాలావరకు కోలుకుంటాయి. పాలు చివరికి వచ్చినవైతే పూర్తిగా తిరిగిరావు. ఒక పక్క చన్నులోనే పాలు తగ్గినా, తరకలు కనిపించినా, కనురెప్ప లోపల తెల్లగా పాలిపోయినా ఒత్తిడి అనుకుని ఆగవద్దు. అవి పొదుగువాపు, కడుపు పురుగుల సంకేతాలు. రెండు పక్కల పాలను వేర్వేరు శుభ్రమైన సీసాల్లో పట్టుకుని పశువైద్యశాలకు వెళ్లండి. మేకపాలు పొదుగువాపు పరీక్షలో ఆరోగ్యంగా ఉన్నా కొంత గట్టిపడతాయి. అందుకే రెండు పక్కలనూ పోల్చి చూడాలని అక్కడ చెప్పండి.