లెక్కల టీచర్‌తో: జవాబు కరెక్టే, మార్కులు మాత్రం రెండే!

ప్రశ్న: మేడమ్‌గారికి నమస్కారం. మా బాబు పదో తరగతి దాకా సీబీఎస్‌ఈలో చదివి, ఈ ఏడాది ఇక్కడే ఒక ఇంటర్నేషనల్ స్కూల్లో ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) డిప్లొమాలో చేరాడు. లెక్కల్లో ఏఏ హెచ్ఎల్, అంటే 'అనాలిసిస్ అండ్ అప్రోచెస్' కోర్సు హయ్యర్ లెవెల్ తీసుకున్నాడు. మొన్నటి టెస్టులో ఒక లాగరిథమ్స్ లెక్కకి 4 అని సరిగ్గానే జవాబు రాస్తే ఆరింటికి రెండే మార్కులు వేశారు. టెస్టు మొత్తమ్మీద 68 శాతం. మా మామగారు హన్మకొండలో ఇంటర్ లెక్చరర్‌గా రిటైరయ్యారు. 'జవాబు వచ్చాక మార్కులు కోసేదేంది? పైగా చేతికి క్యాలిక్యులేటర్ ఇస్తరా? ఎక్కాలు కూడా మర్చిపోతడు' అని ఇంట్లో రోజూ గొడవ. ఐఏ అని ఒక ప్రాజెక్టు కూడా ఉందట. డబ్బులిస్తే చేసిపెడతామని ఒకరు అంటున్నారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. పేపర్ ఫొటో జతచేస్తున్నాను.
– ఒక తల్లి, కొండాపూర్

జవాబు: అమ్మా, ముందు మీ మామగారికి నా నమస్కారాలు చెప్పండి. నేనూ కొన్నేళ్లు ఇంటర్ కాలేజీలో చెప్పి ఇటు వచ్చినదాన్నే. ఆయన కోపం నాకు అర్థమవుతుంది, కానీ ఈ పేపర్ దిద్దిన టీచర్ తప్పేమీ లేదు.

లెక్క ఇది: బేస్ 2కి లాగ్ ఎక్స్ + లాగ్ (ఎక్స్ – 2) = 3. మొదటి భాగంలో దీన్నుంచి 'ఎక్స్ స్క్వేర్ – 2ఎక్స్ – 8 = 0' వస్తుందని చూపించమన్నారు. మూడు మార్కులు. మీవాడు ఎక్స్ బదులు 4 పెట్టి రెండు వైపులా సరిపోయిందని రాశాడు. ఆబ్జెక్టివ్ పేపర్లో ఆ తెలివి బాగా పనికొస్తుంది. ఇక్కడ అడిగింది వేరు: రెండు లాగ్‌లు కలిస్తే లోపలివి గుణించుకుంటాయి, ఆ లబ్ధం 2 క్యూబ్‌కి సమానం అంటే 8, దాన్నుంచి సమీకరణం. ఈ మూడు లైన్లూ లేవు కాబట్టి సున్నా. రెండో భాగంలో కారణాంకాలు సరిగ్గా తీశాడు, 4, –2 వచ్చాయి. –2ని కొట్టేసి 4 ఉంచాడు. పద్ధతికి ఒకటి, జవాబుకి ఒకటి ఇచ్చారు. –2 ఎందుకు చెల్లదో, అంటే రుణ సంఖ్యకి లాగ్ ఉండదని ఒక్క ముక్క రాసి ఉంటే మూడోది కూడా వచ్చేది.

ఐబీ మార్కింగ్ అంతా ఇంతే. పద్ధతికి, కచ్చితత్వానికి, కారణం చెప్పినందుకు విడివిడిగా మార్కులుంటాయి. దీనివల్ల పిల్లలకి లాభం కూడా ఉందండీ. మొదటి భాగంలో తప్పు చేసినా ఆ తప్పు జవాబుతోనే తర్వాతి భాగాన్ని సరైన పద్ధతిలో చేస్తే అక్కడి మార్కులు చాలావరకు దక్కుతాయి. 68 శాతం చూసి బెంగపడకండి. ఐబీలో అన్నిటికన్నా పై గ్రేడైన 7 రావాలంటే 95 శాతం తెచ్చుకోవాల్సిన పని లేదు, కటాఫ్ ప్రతి పరీక్షకీ వేరుగా నిర్ణయిస్తారు.

ఇక క్యాలిక్యులేటర్ సంగతి. ఏఏ హెచ్ఎల్‌లో పేపర్ 1కి క్యాలిక్యులేటర్ ముట్టుకోనివ్వరు. రెండు గంటలు, 110 మార్కులు, మొత్తంలో 30 శాతం. అది అచ్చంగా మీ మామగారి పేపరు, రోజూ సాయంత్రం అరగంట ఆయన ముందు కూర్చోబెట్టండి. పేపర్ 2కీ పేపర్ 3కీ క్యాలిక్యులేటర్ ఉంటుంది, కానీ దాన్ని గుడ్డిగా నమ్మితే నిండా ముంచుతుంది. ఒక బ్యాంకు లెక్క చూడండి. ఏడాదికి 8 శాతం పెరిగే లక్ష రూపాయలు నెలకి ఎన్ని రెట్లు అవుతాయి? 1.006434. మూడు సార్థక అంకెలకి సవరించి 1.01 అని కాగితం మీద రాసుకుని, పదేళ్లకి, అంటే 120 నెలలకి, దాంతోనే లెక్క కట్టేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. 3.30 లక్షలు వస్తుంది. నిజంగా రావాల్సింది 2.16 లక్షలు. ఫైనల్ జవాబుని మూడు అంకెలకి సవరించాలి, మధ్యలో వచ్చినదాన్ని పూర్తిగా మెషీన్లోనే ఉంచుకోవాలి. ఈ లెక్క మామగారికి చూపించండి, ఆయనకి కచ్చితంగా నచ్చుతుంది.

ఐఏ బయట చేయించే ఆలోచన ఈ రోజే మానుకోండి. దానికి 20 శాతం వెయిటేజీ, 12 నుంచి 20 పేజీలు. ఇతరులు రాసిందని తేలితే ఆ సబ్జెక్టుకి గ్రేడే ఉండదు, డిప్లొమా పోతుంది. రాసేటప్పుడు టీచర్ పిల్లాణ్ని కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతుంటారు, రెండో ప్రశ్నకే దొరికిపోతాడు. ఇరవై మార్కుల్లో లెక్కకి ఆరే, మిగతావి రాసిన తీరుకి, సొంత ఆసక్తికి, తన పనిని తనే తరచి చూసుకున్నందుకు.

టాపిక్ కావాలంటే మీ అపార్ట్‌మెంట్ గేటు దగ్గరే ఉంది. ఎండాకాలం వాటర్ ట్యాంకర్ వస్తుంది కదా, డ్రైవర్ కర్ర ముంచి చూపిస్తాడు. ట్యాంకర్ అడ్డకోత దీర్ఘవృత్తం. పావు ఎత్తు వరకు నీళ్లుంటే పావు ట్యాంకర్ ఉందనుకుంటాం, వైశాల్యం కడితే అయిదో వంతు కూడా ఉండదు, 19.6 శాతమే! కర్ర మీద ఎక్కడ గీత పెడితే ఎన్ని లీటర్లో సమాకలనంతో తేల్చమనండి. చార్మినార్ కమాను మీద గ్రాఫ్ గీసిన ఐఏలు చదివి చదివి మాకు విసుగొచ్చింది, ఇది మాత్రం ఆసక్తిగా చదువుతాం. కొలతలు వాడే తీసుకోవాలి, మీరు వాచ్‌మన్‌ని పంపకండి.

ట్యూషన్ ఇప్పుడే వద్దు. ఇంట్లో లెక్చరర్‌ని పెట్టుకుని!

ప్రశ్న: మా అమ్మాయిది కూడా ఐబీ, ఏఏ హెచ్ఎలే. జేఈఈ మెయిన్ రాయించవచ్చా? – ఒక తండ్రి, నల్లగండ్ల

జవాబు: రాయించవచ్చు, కానీ సిలబస్ పూర్తిగా కలవదు. కలన గణితం, సంకీర్ణ సంఖ్యలు, సదిశలు, సంభావ్యత చాలావరకు కలుస్తాయి. మాత్రికలు, నిర్ధారకాలు, శాంకవాలు ఏఏలో లేవు. వాటిని వేసవిలో విడిగా చదవాలి. మెయిన్‌లో క్యాలిక్యులేటర్ లేదు, తప్పుకి మార్కు పోతుంది, ఈ వేగం ఐబీ క్లాసులో అలవడదు. రెండో విడత ఏప్రిల్‌లో ఉంటుంది, ఐబీ ఫైనల్ పరీక్షలు ఏప్రిల్ ఆఖరున మొదలై మేలో నడుస్తాయి. కాబట్టి జనవరి విడత మీదే గట్టిగా దృష్టి పెట్టించండి. రెండిట్లో మెరుగైన స్కోరే తీసుకుంటారు, జనవరిలో బాగా వస్తే ఏప్రిల్‌ది వదిలేసినా నష్టం లేదు.