లద్దాఖ్ బైక్ టూర్‌కి లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. అనంతపురంలో ప్రైవేటు ఉద్యోగం. చేతికొచ్చే జీతం నెలకు 54,000. ఇంటి ఖర్చులు 31,000, బైక్ ఈఎంఐ 3,500, సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసే మొత్తం) 5,000. అత్యవసర నిధిగా 1,50,000 దాచుకున్నాను. వచ్చే ఆగస్టులో మనాలి, లేహ్, నుబ్రా, ప్యాంగాంగ్ కలిపి 9 రోజుల గైడెడ్ బైక్ టూర్‌కి వెళ్లాలని ఉంది. అద్దె బైక్‌తో కలిపి ప్యాకేజీ 46,000 అన్నారు. 1,20,000 పర్సనల్ లోన్ 14 శాతం వడ్డీకి, రెండేళ్ల గడువుతో ఇస్తామంటున్నారు. తీసుకోమంటారా, సిప్ ఆపేయమంటారా?

జవాబు: రెండూ అక్కర్లేదు. ఆ లోన్ ఈఎంఐ నెలకు దాదాపు 5,760 పడుతుంది. రెండేళ్లలో వడ్డీయే సుమారు 18,300 కడతారు. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్‌టీ వేరే. మీకు నెలకు 14,500 మిగులుతోంది, చేతిలో తొమ్మిది నెలలున్నాయి. ప్రయాణాన్ని ఆగస్టు నుంచి సెప్టెంబరు రెండో వారానికి జరపండి. ఆగస్టులో కులు, మనాలి వైపు కొండచరియలు విరిగిపడి దారి మూసుకుపోవడం మామూలే. 2023 జులై వరదలకు అక్కడి హైవే చాలాచోట్ల కొట్టుకుపోయింది. సెప్టెంబరుకి వానలు తగ్గుముఖం పడతాయి, దారికి అడ్డంగా పారే మంచునీటి వాగుల ఉధృతీ తగ్గుతుంది.

ముందు అసలు ఖర్చెంతో చూద్దాం. ప్యాకేజీ 46,000 మీద 5 శాతం జీఎస్‌టీ కలిపితే 48,300. కొన్ని సంస్థలు దీన్ని కలపకుండానే ధర చెబుతాయి కాబట్టి అడిగి తెలుసుకోండి. రానూపోనూ టికెట్లకు 18,000, రైడింగ్ సామగ్రికి 16,000, బీమాకు 3,000, ప్యాకేజీలో లేని భోజనాలకు, చిల్లర ఖర్చులకు 4,500, అనుకోని ఖర్చులకు 15,000 పక్కన పెట్టండి. మొత్తం 1,04,800. బైక్ డిపాజిట్ 10,000 ఎలాగూ తిరిగొచ్చేదే కాబట్టి ఆ ఒక్కటీ అత్యవసర నిధి నుంచి కొన్నాళ్లు తీసి వాడుకోవచ్చు.

డిసెంబరు నుంచి నెలకు 11,500 పక్కన పెట్టండి. అందులో 5,500 తొమ్మిది నెలల రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. 6.5 శాతం వడ్డీ అనుకుంటే సెప్టెంబరు మొదట్లో సుమారు 50,800 వస్తుంది. మిగతా 6,000 విడిగా ఒక సేవింగ్స్ ఖాతాలో ఉంచండి. జులై చివరికి అందులో 48,000 చేరుతుంది. బుకింగ్ అడ్వాన్స్ 12,000 అనుకున్నా, సామగ్రి, టికెట్లు అందులోంచే కొనేయొచ్చు. ఆగస్టు వాయిదాతో కలిపి లెక్క సరిగ్గా 1,04,800కి వస్తుంది. తొమ్మిది నెలల్లో కావాల్సిన డబ్బుని షేర్ల ఫండ్‌లో పెట్టొద్దు. అలాగే దీర్ఘకాలానికి వేసుకున్న సిప్‌ని దీనికోసం కదపొద్దు.

ఇక ఆ 15,000 ఎందుకన్నానో చెప్తాను, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పల్చబడి ఇంజిన్ బలం తగ్గుతుంది. లేహ్ దారిలోని 5,328 మీటర్ల తంగ్‌లాంగ్ లా కనుమ దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదాంట్లో దాదాపు సగమే. బండి ఎక్కనని మొరాయిస్తుంటే చాలామంది క్లచ్ సగం పట్టుకుని యాక్సిలరేటర్ పెంచుతారు. ఒకట్రెండు కనుమలు దాటేసరికి క్లచ్ ప్లేట్లు కాలిపోతాయి. ఇలా కాలిన క్లచ్ ప్లేట్లు, విరిగిన లివర్లు, అద్దాలు, వంగిన రిమ్ములు చాలా ప్యాకేజీల్లో రైడర్ ఖాతాలోకే వెళ్తాయి. మెకానిక్ వెంట వస్తాడన్నారంటే స్పేర్ పార్టుల ఖర్చు వాళ్లదని కాదు. ఏ భాగానికి ఎంత తీసుకుంటారో ధరల పట్టిక ముందే రాయించుకోండి. బైక్ చేతికిచ్చినప్పుడు ట్యాంకు, సైలెన్సర్, క్రాష్ గార్డ్, రెండు చక్రాల రిమ్ములు దగ్గరగా వీడియో తీసి ఉంచండి. కొండెక్కేటప్పుడు ఫస్ట్ గేర్‌లోనే వెళ్లండి, క్లచ్ పూర్తిగా వదిలేయండి.

ఇంకో మెలిక ఉంది. మనాలిలో అద్దెకు తీసుకున్న బైక్‌ని లేహ్ దాటి నుబ్రా, ప్యాంగాంగ్ వైపు తీసుకెళ్తే అక్కడి బైక్ అద్దె సంఘాలవాళ్లు అడ్డుకుంటారు. ఆ రోజులకు లేహ్‌లో మరో బైక్ తీసుకోవాలి. దాని అద్దె మీ 46,000లో ఉందా? పెట్రోలు, పర్మిట్ ఫీజులు ఎవరివి? దారి మూసుకుపోయి ఒక రాత్రి అదనంగా ఆగాల్సొస్తే గది ఖర్చు ఎవరిది? ఈ మూడింటికీ ఈమెయిల్‌లో జవాబు ఇవ్వని సంస్థకు అడ్వాన్స్ కట్టకండి.

రోజుల లెక్క కూడా డబ్బు లెక్కే. తొమ్మిది రోజుల్లో ఇవన్నీ చూపిస్తామంటే దాదాపు 2,050 మీటర్ల ఎత్తులో ఉన్న మనాలి నుంచి బయల్దేరాక రెండో రాత్రే దారిలోని 4,290 మీటర్ల సర్చులో పడుకోబెట్టే అవకాశం ఎక్కువ. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తు రాత్రికి 500 మీటర్లకు మించి పెరగకూడదని వైద్యులు చెప్తారు. తలనొప్పి, వాంతులతో పడిపోతే బ్యాకప్ వ్యానులో కిందికి దిగాల్సిందే, కట్టిన డబ్బు పోయినట్టే. సర్చు కంటే ముందే, తక్కువ ఎత్తులో వచ్చే జిస్పాలో రెండు రాత్రులు ఉంచి, సర్చులో ఆపకుండా లేహ్ వైపు తీసుకెళ్లే ప్యాకేజీ 6,000 ఎక్కువైనా నేనైతే దానికే ఓటేస్తాను. ఆ తేడా కూడబెట్టడానికి ప్రయాణాన్ని సెప్టెంబరు చివరికి జరిపినా నష్టం లేదు, కానీ అక్టోబరులో మంచు పడి కనుమలు మూసుకుపోవచ్చు, అంతకు మించి జరపొద్దు. శ్రీనగర్, కార్గిల్ మీదుగా వెళ్తే ఎత్తు ఇంకా మెల్లగా పెరుగుతుంది. తిరుగు విమానం లేహ్ నుంచే తీసుకోండి. అక్కడ వాతావరణం బాగోలేక విమానాలు రద్దవడం తరచూ జరిగేదే. అందుకే టూర్ ముగిశాక ఒక రోజు ఖాళీ ఉంచుకుని టికెట్ కొనండి.

బీమా సంగతి. అద్దె బైక్ మీద ఉండే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ దాని యజమానికే, మీకు కాదు. మీ పేరు మీద విడిగా ఒక పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకోండి, తాత్కాలిక వైకల్యానికి వారం వారం డబ్బిచ్చే క్లాజు ఉండేలా చూసుకోండి. కాలు విరిగి మంచాన పడితే ఇంటి ఖర్చుకి పనికొచ్చేది అదే. ఆరోగ్య బీమాలో సాహస క్రీడల మినహాయింపు సాధారణంగా వాటిని వృత్తిగా చేసేవాళ్లకి వర్తిస్తుంది. ఆఫీసు గ్రూప్ పాలసీల్లో షరతులు వేరుగా ఉండొచ్చు కాబట్టి మీది చదవండి. కొండల్లోంచి హెలికాప్టర్‌లో తరలించే ఖర్చు చాలా మామూలు పాలసీల్లో దొరకదు. ట్రావెల్ పాలసీ తీసుకునేటప్పుడు అది ఉందా, ఎన్ని మీటర్ల ఎత్తు వరకు ఇస్తారు అని అడగండి. బైక్ నెంబరు ప్లేటు నలుపు మీద పసుపు అక్షరాలతో ఉండాలి. సొంత వాడకం బైక్‌ని అద్దెకిస్తే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

సామగ్రిలో జాకెట్, మోకాలి గార్డులు అద్దెకు దొరుకుతాయి. హెల్మెట్, బూట్లు, రెండు జతల గ్లౌజులు మాత్రం సొంతంగా కొనుక్కోండి. వాగులో తడిసిన బూట్లతో రోజంతా బండి నడపలేరు.

మీరు పాత పన్ను విధానంలో ఉండి, ఆఫీసు ఎల్‌టీఏ (సెలవు ప్రయాణ భత్యం) ఇస్తుంటే విమాన టికెట్లకు మినహాయింపు వస్తుంది. ప్యాకేజీకి, బైక్ అద్దెకు రాదు.

జమ్మూ కాశ్మీర్, లద్దాఖ్‌లలో మన ప్రీపెయిడ్ సిమ్‌లు పనిచేయవు. నెల ముందే పోస్ట్‌పెయిడ్‌కి మారండి. పోస్ట్‌పెయిడ్ ఉన్నా దారి పొడవునా సిగ్నల్ దొరకదు, యూపీఐని నమ్ముకోలేం. డిజీలాకర్ తెరుచుకోని చోట ఒరిజినల్ డ్రైవింగ్ లైసెన్సే దిక్కు. పక్కన పెట్టిన 15,000లో కనీసం 8,000 మనాలిలోనే నగదుగా తీసి, రెండు వేర్వేరు చోట్ల దాచుకుని బయల్దేరండి.