బుప్రినార్ఫిన్ వాడే మనిషి నిద్రకి ఆల్‌ప్రాజొలమ్ వేసుకోవచ్చా?

మీ అన్నయ్య డీఅడిక్షన్ సెంటర్‌లో ఇచ్చే బుప్రినార్ఫిన్ పొద్దున నాలుక కింద పెట్టుకుంటాడు, నిద్ర లేదు గుండె దడ అంటే ఊళ్లో డాక్టరు ఆల్‌ప్రాజొలమ్ 0.5 రాశాడు, పొద్దున అదీ రాత్రి ఇదీ గ్యాప్ ఇచ్చి వేసుకుంటే ఏం కాదు కదా అనేగా మీరడిగింది. అవుతుందండీ. నేను డాక్టర్ని కాదు గానీ మా బావకి ఇదే జరిగింది.

బావ చీమకుర్తి నుంచి కృష్ణపట్నం పోర్టుకి గ్రానైట్ లారీ తోలతాడు. నడుంనొప్పికని మొదలుపెట్టిన ట్రమడాల్ రోజుకి ఎన్ని మింగుతున్నాడో ఆయనకే లెక్క లేని కాడికి పోయింది. 2018లోనే ట్రమడాల్‌ని మత్తుమందుల మీదుండే ఎన్‌డీపీఎస్ చట్టం కిందకి తెచ్చారు, అయినా తెలిసిన మెడికల్ షాపు ఉంటే దొరక్కపోవడం ఏంది. చివరికి అక్క ఏడ్చి గోలచేస్తే నెల్లూరు తీసుకెళ్లి చూపించాం, బుప్రినార్ఫిన్ నలోక్సోన్ కలిసిన మాత్ర మొదలుపెట్టారు. మూడు నెలలు బంగారంలా ఉండాడు మనిషి.

తర్వాత నిద్ర పోయింది. మళ్లీ నెల్లూరు దాకా పోవాలంటే ఒక రోజు బాడుగ పోద్దని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోయాడు. ఆయన అడిగాడంట, ఇంకేమన్నా మాత్రలు వాడుతున్నావా అని. బావ గ్యాస్ మాత్ర అన్నాడు. కూతురికి సంబంధాలు చూస్తున్నారు, ఈ సంగతి బయటికి పొక్కితే ఇంకేమన్నా ఉందా అని భయం. నేనున్నా అదే చెప్పేవాణ్ణేమో, అబద్ధం ఎందుకు.

ఆయనిచ్చిన ఆల్‌ప్రాజొలమ్ మొదట్లో ఒకటి వేసుకున్నాడు, సరిగ్గా పట్టట్లేదని నాలుగో రోజు రెండు వేసుకున్నాడు. ఆ రాత్రి గురక విని అక్క సంతోషపడిందంట, అబ్బ ఇన్నాళ్లకి పట్టిందిరా నిద్ర అని. రెండింటప్పుడు నీళ్లకి లేస్తే ఆ గురక గొంతులో నీళ్లు గుడగుడలాడినట్టు ఉంది, మధ్యలో ఆగిపోతా ఉంది, లైటేసి చూస్తే పెదాలు నేరేడు పండు రంగు. కొట్టినా లేవడు. నాకు ఫోన్ చేస్తే వెనక వీధే కాబట్టి పరిగెత్తా, అప్పటికే పక్కింటావిడ మజ్జిగ గ్లాసు పట్టుకుని నోట్లో పొయ్యబోతోంది. దయచేసి ఎవరికీ అలా పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోద్ది. 108లో ఫోన్ ఎత్తినామె పక్కకి తిప్పి పడుకోబెట్టమంది, అదే చేశాం. ఒంగోలులో ఆక్సిజన్ పెట్టి రెండు రోజులు ఉంచుకున్నారు. అక్క సంచిలోంచి రెండు మాత్రల అట్టలూ తీసి ఇచ్చాకే వాళ్లకి సంగతి అర్థమైంది.

అక్కడి డాక్టరమ్మ చెప్పింది నాకు అర్థమైనంతలో: బుప్రినార్ఫిన్ ఒక్కటే అయితే డోసు పెంచినా శ్వాసని ఒక హద్దు దాటి తగ్గించడం అరుదు, పక్కన ఆల్‌ప్రాజొలమో క్లోనజిపామో డయజిపామో చేరితే ఆ హద్దు చెరిగిపోద్ది. మందు తాగినా అంతే. ఇక గ్యాప్ మాటంటారా, బుప్రినార్ఫిన్ ఒంట్లో సగం తగ్గడానికే ఒక రోజు పైన పడుతుంది, పొద్దున వేసుకున్నది రాత్రికి యాడికీ పోదు. ఓపియాయిడ్‌కి, అంటే ట్రమడాల్, బుప్రినార్ఫిన్ లాంటి నల్లమందు జాతి మందులకి, విరుగుడుగా ఇచ్చే నలోక్సోన్ ఇంజెక్షన్ ఆల్‌ప్రాజొలమ్ మీద పనిచెయ్యదు. ఇదేం కొత్త సంగతి కూడా కాదు, ఫ్రాన్స్‌లో 1996లో మామూలు డాక్టర్లు కూడా బుప్రినార్ఫిన్ రాయడం మొదలయ్యాక జరిగిన చావుల్లో చాలావాటిలో ఈ జాతి నిద్రమాత్రలు తోడున్నాయి, అమెరికాలో మందుల్ని అదుపుచేసే ఎఫ్‌డీఏ 2016లో ఓపియాయిడ్లకీ వీటికీ కలిపి పెద్ద హెచ్చరిక పెట్టింది.

ఇదంతా చదివి బుప్రినార్ఫిన్ మాన్పించేరు సుమా, అది ఇంకా ప్రమాదం. పాత అలవాటుకి తిరిగిపోతారు, అప్పటికి ఒళ్లు పాత డోసుని తట్టుకునే స్థితిలో ఉండదు. అదే ఎఫ్‌డీఏ 2017లో మళ్లీ చెప్పింది, ఆందోళన మాత్రలు వాడుతున్నారని ఈ వైద్యం ఆపెయ్యొద్దు, జాగ్రత్తగా కనిపెట్టుకుని ఇవ్వండి అని. అంటే రెండూ ఒకే డాక్టరు చూసి ఇవ్వడం వేరు, ఒకరికి తెలియకుండా ఒకరు రాయడం వేరు. మా బావకయితే నిద్ర పట్టకపోవడానికి కారణం బుప్రినార్ఫిన్ డోసు చాలకపోవడమే అన్నారు, కాస్త పెంచి, ఆందోళనకి ఎస్సిటాలోప్రామ్ ఇచ్చారు. అది పనిచెయ్యడానికి కొన్ని వారాలు పట్టింది, ఆ వారాలు అక్క పడిన పాట్లు ఇంకో కథ.

మీ అన్నయ్య ఆల్‌ప్రాజొలమ్ ఎన్ని రోజులుగా వేసుకుంటున్నాడో మీరు రాయలేదు. ఒకటి రెండు రోజులే అయితే ఈ రాత్రికి వెయ్యకుండా పొద్దున్నే సెంటర్‌కి ఫోన్ చెయ్యండి. వారాల తరబడి వాడుతుంటే మాత్రం మీరే ఆపెయ్యొద్దు, ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు, ఇవాళే డాక్టరుతో మాట్లాడి మెల్లగా తగ్గించే లెక్క రాయించుకోవాలి. ఈలోపు ఎవరో ఒకరు ఆయన గదిలోనే పడుకోండి. రాత్రిపూట ఎవర్ని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఎప్పుడైనా చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. లేపినా లేవకపోతే మాత్రం 108, అప్పుడు ఇక్కడ రిప్లై కోసం చూడొద్దు.