ఒకే విమానం, రెండు క్లాసులు

ప్రశ్న: మా అబ్బాయిది ఐక్యరాజ్య సమితి అనుబంధ సంస్థలో ఉద్యోగం. మొన్న నైరోబీ మీటింగుకి అదే విమానంలో ఇంకో అనుబంధ సంస్థ ఆయన బిజినెస్ క్లాసులో, వీడేమో వెనక సీట్లో! అందరికీ ఒకే రూలు ఉండదా? – ఓ తల్లి, కాకినాడ

జవాబు: భత్యం వరకూ పట్టిక ఒకటేనమ్మా. ఏ ఊళ్లో రోజుకెంతో, సమితి ఉద్యోగుల జీతభత్యాల సంగతి చూసే అంతర్జాతీయ సివిల్ సర్వీస్ కమిషన్ తేలుస్తుంది. పేచీ అంతా టికెట్టు దగ్గరే. ఎన్ని గంటలు దాటితే బిజినెస్ క్లాసో ఏ సంస్థకా సంస్థ రాసుకుంటుంది. న్యూయార్క్ సచివాలయం వాళ్లకి 2013లో పెట్టిన లెక్క: ఒకే విమానమైతే 9 గంటలు, మారాల్సొస్తే 11. నేనూ ట్రావెల్ డెస్కులో ఏళ్లతరబడి కూర్చున్నదాన్నే. ఎనిమిదింబావు గంటల్ని తొమ్మిది చేసిపెట్టమని ఎంతమంది బతిమాలారో! అన్నట్టు, హోటలు గది సంస్థ వాళ్లే ఇస్తే భత్యంలో కోత పడుతుంది. అది చూసి మీవాణ్ణి కంగారు పడొద్దనండి.