మావాడికి ఓపెన్ టెన్త్ కట్టించేయమంటారా?

ప్రశ్న: మాది భీమవరం, యనమదుర్రు డ్రెయిన్ గట్టు మీద ఇల్లు. నేను ఫ్యాక్టరీలో రొయ్యలు ఒలిచే పనికి వెళ్తాను. మా ఆయన చెరువుల మీద కాపలా ఉంటారు, వారానికోసారి వస్తారు. బాబు మున్సిపల్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి. వారంలో మూడు రోజులు కూడా వెళ్ళడం లేదు. పెళ్ళిళ్ల సీజన్లో క్యాటరింగ్‌కి వెళ్ళి డబ్బులు తెస్తున్నాడు. ఓపెన్ టెన్త్ కట్టించి, మూడు నెలల ఏసీ మెకానిక్ కోర్సులో పెట్టేయమని అందరూ అంటున్నారు. బడిలోనే ఉంచాలా, ఇదే మంచిదా? పాప ఏడో తరగతి, బాగా చదువుతుంది. నాకు పొద్దున షిఫ్టు పడిన రోజు మాత్రం రెండేళ్ల చిన్నోణ్ణి చూసుకుంటూ ఇంట్లో ఉంటుంది.

జవాబు: అమ్మా, కోర్సుల సంగతి కాసేపు పక్కన పెడదాం. నరసాపురం నుంచి కాకినాడ దాకా ఎంతోమంది తల్లులు ఇదే అడుగుతారు. పైకి అడిగేది ఏ కోర్సు అని. లోపల ఉన్న భయం, కొడుకు చెయ్యి దాటిపోయాడేమో, వాడికి ఇక చదువు రాదేమో అని. మీరు రాసిన దాంట్లో నాకు ఆ రెండూ కనపడలేదు.

బాబు ఏయే రోజులు మానేస్తున్నాడో క్యాలెండర్ మీద గుర్తు పెట్టి చూడండి. చాలావరకు ముహూర్తం మర్నాడే అయి ఉంటుంది. అర్ధరాత్రి దాటేదాకా వడ్డించి, గిన్నెలెత్తి, తెల్లారుజామున ఇల్లు చేరిన పిల్లవాడు పొద్దున్నే లేచి బడికి ఎలా వెళ్తాడు? అది బద్ధకం కాదు, నిద్ర లేకపోవడం. ఆ రోజు లెక్కల్లో కొత్త పాఠం మొదలవుతుంది. తర్వాతి రోజు వెళ్తే బోర్డు మీద ఉన్నది అర్థం కాదు. నిన్న ఎక్కడికి పోయావని టీచరు అందరి ముందూ అడుగుతారు. ఆ సిగ్గు తప్పించుకోవడానికి ఇంకో రోజు మానేస్తాడు. మానడం తేలికే, మానాక మళ్ళీ ఆ గదిలోకి అడుగు పెట్టడమే పిల్లలకు కష్టం. చదువు ఎక్కదని నా దగ్గరికి తీసుకొచ్చే పిల్లల్లో ఎక్కువమంది ఇలా వెనకబడ్డవాళ్ళే. అది సర్దుకునే విషయం, మీరు ధైర్యంగా ఉండండి.

ఓపెన్ స్కూల్ చెడ్డదని అనను. పద్నాలుగేళ్ళు నిండితే కట్టవచ్చు, ఆ సర్టిఫికెట్‌కి మామూలు టెన్త్‌తో సమానమైన విలువే ఉంది. చదువు ఆగిపోయి పెళ్ళయిన ఆడపిల్లలకు, పనిలో కుదురుకున్న పెద్దవాళ్ళకు అది నిజంగా ఒక దారి. కానీ బడి ఇంటి దగ్గరే ఉండగా, తొమ్మిదిలో ఉన్న పిల్లవాడి పేరు తీయించి అందులో కట్టించడం ఈమధ్య ఫ్యాషన్ అయిపోయింది. ఇది నాకు అస్సలు మింగుడు పడటం లేదు. అక్కడ రోజూ పాఠం ఉండదు. సెలవు రోజుల్లో కొన్ని క్లాసులు, మిగతాదంతా తనే కూర్చుని చదవాలి. టీచరు ఎదురుగా ఉన్నా వెనకబడినవాడు, రాత్రి పనికి వెళ్ళొచ్చి ఒంటరిగా పుస్తకం తీస్తాడా? పాస్ గ్యారంటీ అని డబ్బు అడిగేవాళ్ళ గుమ్మం మాత్రం తొక్కకండి.

ఏసీ పని మంచి పనే. ఈ డెల్టాలో రొయ్యల ఫ్యాక్టరీలు, ఐస్ ఫ్యాక్టరీలు ఉన్నంతకాలం కూలింగ్ మెషిన్ల పని తెలిసినవాడికి ఉపాధి దొరుకుతుంది. కానీ మూడు నెలల కోర్సు చేసినవాడు యూనిట్లు మోసే హెల్పర్‌గా మొదలై, చాలాసార్లు అక్కడే ఉండిపోతాడు. టెన్త్ పాసై ఐటీఐలో ఇదే పని రెండేళ్ళ ట్రేడ్‌గా నేర్చుకుంటే అప్రెంటిస్‌గా స్టైపెండ్ మీద చేరవచ్చు, తర్వాత డిప్లొమాకీ వెళ్ళవచ్చు. వాడికి మెషిన్ల మీద ఇష్టం ఉంటే ఆ ఇష్టాన్ని అలాగే ఉండనివ్వండి, ఇంకో ఏడాదిన్నర ఆగమనండి.

ఇప్పుడు కొంచెం గట్టిగా చెబుతాను, ఏమీ అనుకోకండి. బాబు డబ్బులు తెస్తున్నాడని రాశారు, వద్దన్నానని ఎక్కడా రాయలేదు. ఇంట్లో ఆ డబ్బు ఎంత అవసరమో తెలియక అనడం లేదు. కానీ మీరు చెయ్యి చాపిన ప్రతిసారీ, వాడికి బడికన్నా అదే ముఖ్యమని చెప్పినట్టు అవుతుంది. పైగా పిల్లల్ని బడికి పంపే తల్లులకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బుకి 75 శాతం హాజరు ఉండాలి. 2025లో ఒక్కో బిడ్డకు 13,000 రూపాయలు తల్లి ఖాతాలో పడ్డాయి. వారానికి మూడు రోజులు వెళ్తే హాజరు సగమే. శనివారం రాత్రి పని ఒప్పుకున్నా ఒప్పుకోండి, బడి ముందు రోజు రాత్రి మాత్రం వద్దనండి. వచ్చే సోమవారం మీరే వాడితో బడికి వెళ్ళండి. వాడి ఎదురుగా తిట్టవద్దని, లెక్కల్లో ఎక్కడిదాకా వచ్చో చూసి అక్కడి నుంచి చెప్పించమని హెడ్మాస్టరు గారిని అడగండి. ఒక షిఫ్టు పోతుంది. పోనివ్వండి.

మీరు అడగకపోయినా, నాకు ఎక్కువ టెన్షన్ పాప గురించే. బాబు కోసం అంత రాసి, బాగా చదివే పిల్లను ఇంట్లో ఉంచుతున్న సంగతి చివర్లో రెండు ముక్కల్లో చెప్పి వదిలేశారు. ఇది తప్పమ్మా. అన్న మానితే పదిమంది అడుగుతున్నారు, ఈ పిల్ల మానితే ఇంటి పనిలో సాయం అనుకుని ఎవరూ అడగరు. చిన్నోడికి మూడేళ్ళు నిండితే అంగన్‌వాడీ ఉంది. అప్పటిదాకా, మీ ఫ్యాక్టరీలోనే పిల్లల్ని ఉంచే గది అడగండి. యాభై మంది, అంతకు మించి పనిచేసే చోట అలాంటి గది ఉండాలని 2017 నుంచీ చట్టంలో ఉంది. ఒక్కరే వెళ్ళి అడిగితే పని పోతుందన్న భయం ఉంటుంది కాబట్టి, చంటిపిల్లలున్న తోటివాళ్ళను కలుపుకుని వెళ్ళండి. వార్డు సచివాలయంలోనూ చెప్పండి. ఈలోపు షిఫ్టు మార్పించుకోవడమో, వేరే షిఫ్టు పడే పక్కింటావిడతో వంతులు వేసుకోవడమో చెయ్యండి.

పాప వచ్చే ఏడాది ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్ అని, పేదింటి పిల్లలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్ పరీక్ష రాయవచ్చు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. రాయడానికి ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీ పిల్లలకైతే 50. అంటే ఈ ఏడాది బడిలో లేని ప్రతి రోజూ లెక్కలోకి వస్తుంది. సోమవారం బాబు కోసం వెళ్ళినప్పుడు, పాప పేరు ఆ పరీక్షకు పంపే సంగతి కూడా అడిగి రండి.