ఆ కోల్డ్ వ్యాక్స్ వెనక్కి పంపెయ్యరా అల్లుడూ

నరసాపురం

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటో చూశాను. సర్ఫింగ్ బోర్డు చాలా బాగుందిరా. కాలు జారకుండా దాని మీద రుద్దడానికి పక్కన పెట్టిన వ్యాక్స్ బిళ్లలే నాకు నచ్చలేదు. నాలుగూ కోల్డే, చలి నీళ్లకి చేసే రకం! ధనుర్మాసం కదా, నీళ్లు చల్లగా ఉంటాయని కొన్నానన్నావు. చల్లగా ఉండేది గాలి, నీళ్లు కాదు. రేపు తెల్లారి పేరుపాలెం బీచ్‌లో మోకాలి లోతు దిగి చూడు, ఒడ్డు మీద కంటే నీళ్లలోనే వెచ్చగా ఉంటుంది. మన సముద్రం జనవరిలో కూడా 25, 26 డిగ్రీల దగ్గరే ఉంటుంది. మే నెలకి 29, 30 అవుతుంది.

కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ అయినా, కోల్డ్ 15 డిగ్రీల లోపు నీళ్లకి. కూల్ 20 దాకా, వార్మ్ 24 దాకా, ఆ పైన ట్రాపికల్. ఇంట్లో కొబ్బరినూనె గడ్డకట్టేది కూడా ఆ 24 దగ్గరే. చలికాలం పొద్దున్నే అమ్మ ఎండలో పెట్టే సీసాని సముద్రంలో ముంచినా కరుగుతుంది. అంటే మనకి ఏడాది పొడుగునా ట్రాపికలే.

చల్లటి నీళ్లలో కూడా కాలికి పట్టు దొరకాలని కోల్డ్, కూల్ వ్యాక్స్‌లని మెత్తగా చేస్తారు. అవి మన నీళ్లలో వెన్నలా జారిపోతాయి. ట్రాపికల్ గట్టిది. దాన్ని చలి నీళ్లకి తీసుకెళ్తే గాజులా నున్నగా అయిపోతుంది. నాకిది దెబ్బ తగిలాకే తెలిసింది. అమెరికాలో, చలి నీళ్లుండే శాంటా క్రూజ్‌లో ఉద్యోగం మానేసి వచ్చిన కొత్తలో, అక్కడ మిగిలిన కూల్ బిళ్లే రుద్దుకుని పేరుపాలెంలో దిగాను. లేచి నిలబడుతుండగా ముందుకాలు సర్రున జారి, గడ్డం బోర్డు అంచుకి కొట్టుకుంది. నాలుగు కుట్లు. చిన్నప్పుడు నువ్వు వేలు పెట్టి "ఇదేంటి మావయ్యా" అనేవాడివే, ఆ గాటు అదే.

ముందు బేస్ కోట్ వెయ్యాలి, అంటే అడుగు పూతగా రుద్దే వ్యాక్స్. అది ట్రాపికల్ కంటే గట్టిది. శుభ్రంగా తుడిచిన బోర్డు పైభాగాన, నీడలో, చిన్న చిన్న సున్నాలు చుడుతున్నట్టు రుద్దు. ఎక్కువ నొక్కకు. సగ్గుబియ్యం అతికించినట్టు బొడిపెలు లేచేదాకా రుద్దాలి, పావుగంట పట్టినా సరే. పట్టంతా ఆ బొడిపెల్లోనే ఉంది. దాని మీద ట్రాపికల్ పల్చగా చాలు. దిగే ముందు ప్రతిసారీ కాస్త పూసుకో. నున్నబడితే వ్యాక్స్ దువ్వెనతో అడ్డంగా, నిలువుగా గీయి.

మన దగ్గర అసలు శత్రువు ఎండ. ఇసకలో పది నిమిషాలు వెల్లకిలా పడేస్తే వ్యాక్స్ అంతా కరిగి కారిపోతుంది. సరుగుడు చెట్ల నీడలో బోర్లా పెట్టు. తలుపులు మూసిన కారులో అస్సలు వదలకు, బోర్డే పాడవుతుంది.

వరదల రోజుల్లో, జులై నుంచి సెప్టెంబరు దాకా, ఎర్రనీళ్ల ఒండ్రు వ్యాక్స్‌కి పట్టేసి జిగురు చచ్చిపోతుంది. అప్పుడు మొత్తం తీసెయ్యాల్సిందే. కొద్దిసేపు ఎండ చూపించి, ప్లాస్టిక్ ముక్కతో గీకి, మిగిలింది కొబ్బరినూనెతో తుడువు. తర్వాత సబ్బుతో కడుగు. నూనె జిడ్డు ఉంటే కొత్తది అంటుకోదు. ఆ రోజుల్లో గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది అన్నాచెల్లెళ్ల గట్టు వైపు మాత్రం వెళ్లనని నాకు మాటివ్వు. ఏటి లాగుడు ముందు ఏ వ్యాక్సూ పనిచెయ్యదు.

ఆదివారం బోర్డు పట్టుకొచ్చెయ్. నా దగ్గర బేస్ కోట్ సగం బిళ్ల ఉంది, పెరట్లో కొబ్బరిచెట్టు కింద కూర్చుని రుద్దుదాం. ట్రాపికల్ నువ్వు తెచ్చుకో.

మీ మావయ్య